రోడ్డు తవ్వాలంటే ఎవరిని అడగాలి? కోనసీమలో రోడ్ కటింగ్ అనుమతుల పూర్తి వివరాలు

ఇంట్లో నిఖా దగ్గర పడుతోంది. కొత్త కుళాయి కనెక్షన్ కావాలి. మెయిన్ పైపు వీధికి అవతలి వైపున ఉంది, మధ్యలో సిమెంటు రోడ్డు. ప్లంబర్ వచ్చి చూసి, "రాత్రి ఇషా నమాజు అయ్యాక కట్టర్‌తో కోసేద్దామండి, తెల్లారేసరికి మట్టి కప్పేస్తాం, ఎవరూ అడగరు" అంటాడు. ఇంటాయన కూడా సరేనంటాడు. చిన్న పనే కదా, రెండడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు.

ఆ పదిహేనడుగుల కింద ఏముందో ప్లంబర్‌కు తెలియదు, ఇంటాయనకూ తెలియదు. కరెంటు కేబుల్ ఉండవచ్చు, ఫైబర్ లైన్ ఉండవచ్చు, పక్కవీధికి నీళ్లిచ్చే పైపు ఉండవచ్చు. కోనసీమలో అయితే గ్యాస్ పైపు కూడా ఉండవచ్చు. పొద్దున్నే చీకట్లో ఫజర్ నమాజుకు బయలుదేరే పెద్దాయన కాలు ఆ గుంతలో పడవచ్చు. రోడ్ కటింగ్ అనుమతి అనే కాగితం ఉన్నది ఇందుకే. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో ఆ కాగితం ఎవరివ్వాలి, ఎలా తీసుకోవాలి, తీసుకోకుండా తవ్వితే ఏం చేయాలి అన్న వివరాలు ఇవి.

రోడ్ కటింగ్ అనుమతి అంటే

పబ్లిక్ రోడ్డును, రోడ్డు మార్జిన్‌ను, ఫుట్‌పాత్‌ను, డ్రెయిన్ పక్క జాగాను తవ్వి పైపు, కేబుల్, స్తంభం లాంటివి వేయడానికి ఆ రోడ్డు యజమాని అయిన సంస్థ రాతపూర్వకంగా ఇచ్చే అనుమతి ఇది. మంచినీటి కుళాయి, డ్రైనేజీ కనెక్షన్, కరెంటు కేబుల్, ఇంటర్నెట్ ఫైబర్, గ్యాస్ పైపు అన్నీ దీని కిందికే వస్తాయి. తవ్వేది ఇంటి యజమాని అయినా, పెద్ద కంపెనీ అయినా, ప్రభుత్వ శాఖ అయినా రోడ్డు యజమానికి చెప్పకుండా గునపం వేయకూడదు.

కనెక్షన్ మంజూరు వేరు, రోడ్డు కోసే అనుమతి వేరు. కుళాయికి డబ్బు కట్టిన రశీదు చేతిలో ఉంటే రోడ్డు తవ్వవచ్చని చాలామంది అనుకుంటారు. ఆ రశీదులో రోడ్ కటింగ్ చార్జీలు కలిసి ఉన్నాయో లేదో చూసుకోవాలి. లేకపోతే అది నీటికి కట్టిన డబ్బే తప్ప రోడ్డుకు కట్టింది కాదు.

మొదటి ప్రశ్న: ఈ రోడ్డు ఎవరిది?

అనుమతి ఎవరివ్వాలో తేలాలంటే రోడ్డు ఎవరిదో తేలాలి. చూడటానికి ఒకేలా ఉన్నా ఒక్కో రోడ్డుకు ఒక్కో యజమాని ఉంటాడు.

అమలాపురం పట్టణంలో వార్డుల లోపలి వీధులు మున్సిపాలిటీవి. 1965 నాటి మున్సిపాలిటీల చట్టం ప్రకారం పట్టణంలోని పబ్లిక్ వీధులు పురపాలక సంఘం ఆధీనంలో ఉంటాయి. దరఖాస్తు మున్సిపల్ కమిషనర్ పేరున పెట్టాలి. ఇంజినీరింగ్ విభాగం వాళ్లు వచ్చి స్థలం చూస్తారు.

రాజోలు, కొత్తపేట మున్సిపాలిటీలు కావు. అవి మండల కేంద్రాలైన గ్రామ పంచాయతీలు. అక్కడ ఊరి లోపలి వీధులకు 1994 పంచాయతీరాజ్ చట్టం వర్తిస్తుంది. పంచాయతీ కార్యదర్శి దగ్గర మొదలుపెట్టాలి. ఊరినీ ఊరినీ కలిపే కొన్ని రోడ్లు పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగానివి. పెద్ద రోడ్లు ఎక్కువగా ఆర్ అండ్ బీ శాఖవి. ఊరి మధ్యలో నుంచి పోతున్నంత మాత్రాన ఆర్ అండ్ బీ రోడ్డు పంచాయతీది కాదు. దాన్ని తవ్వడానికి సర్పంచ్ గారి మాట చాలదు.

అమలాపురం, రాజోలు ప్రాంతాల మీదుగా పోయే 216వ నంబరు జాతీయ రహదారి విషయం వేరు. జాతీయ రహదారుల భూమి, ట్రాఫిక్ నియంత్రణకు 2002లో వచ్చిన కేంద్ర చట్టం ఉంది. హైవే అధికారుల అనుమతి లేకుండా ఆ భూమిని తవ్వకూడదు. హైవేను అడ్డంగా దాటాల్సి వస్తే మామూలుగా పైనుంచి కోయనివ్వరు. రోడ్డు చెక్కుచెదరకుండా కింద నుంచి బోరింగ్ చేసి పైపు నెట్టమంటారు.

కోనసీమలో ఇంకో రకం రోడ్లున్నాయి. అవి కాలువ గట్లు, ఏటిగట్లు. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువల గట్ల మీద, గోదావరి పాయల ఏటిగట్ల మీద తారు వేసి ఉండవచ్చు, బస్సులు కూడా తిరుగుతూ ఉండవచ్చు. కానీ ఆ గట్టు జలవనరుల శాఖది. ఏటిగట్టును ఇష్టం వచ్చినట్టు తవ్వడం అంటే వరదకు దారి చూపించడమే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను చూసిన పెద్దవాళ్లకు గట్టు విలువ చెప్పనక్కర్లేదు. పైపు కోసం తవ్వి సరిగ్గా దిమ్మిస వేయని చోటే నీరు ముందు ఊరడం మొదలవుతుంది.

మసీదు, కబ్రస్తాన్, ఈద్గా స్థలాల సంగతి కూడా తెలుసుకోవాలి. దగ్గర దారి అని కబ్రస్తాన్ అంచు నుంచి పైపు లేదా కేబుల్ తీసుకెళ్తామని కాంట్రాక్టర్లు అడుగుతుంటారు. వక్ఫ్ స్థలం మున్సిపాలిటీ రోడ్డు కాదు. ముతవల్లి గానీ, కమిటీ సదర్ గానీ మంచితనంతో నోటిమాటగా ఒప్పుకుంటే సరిపోదు. వక్ఫ్ బోర్డుకు రాసి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోవాలి. ఇవాళ్టి మొహమాటం రేపు ఆ స్థలం మీద వివాదానికి కారణం కావచ్చు.

రోడ్డు ఎవరిదో తెలియకపోతే వార్డు సచివాలయంలో గానీ గ్రామ సచివాలయంలో గానీ అడగవచ్చు. 2019 అక్టోబరు 2న మొదలైన ఈ సచివాలయాల్లో వార్డుల్లో ఎమినిటీస్ సెక్రటరీ, గ్రామాల్లో ఇంజినీరింగ్ అసిస్టెంట్ ఉంటారు. ఏ రోడ్డు ఎవరిదో వాళ్లు చెప్పగలరు.

రెండో ప్రశ్న: కింద ఏముంది?

ఈ ప్రశ్న మిగతా ఊళ్లలో కంటే కోనసీమలో ఎక్కువ ముఖ్యం. కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురు, సహజవాయువు తవ్వకాలు జరిగే ప్రాంతం ఇది. కొబ్బరి తోటల కింద, వరి చేల కింద, రోడ్ల పక్కన గ్యాస్ లైన్లు పోతున్నాయి.

2014 జూన్ 27న తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైపులైన్ పేలింది. తాటిపాక నుంచి గ్యాస్ తీసుకెళ్లే 18 అంగుళాల లైన్ అది. నిద్రలో ఉన్నవాళ్లు, అప్పుడే లేచి పనుల్లో పడినవాళ్లు మంటల్లో చిక్కుకున్నారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, దుకాణాలు, కొబ్బరి చెట్లు కాలిపోయాయి. ఆ ప్రమాదం ఎవరో రోడ్డు తవ్వడం వల్ల జరిగింది కాదు. పైపు లోపల తుప్పు పట్టి లీకైన గ్యాస్ అంటుకుంది. అయినా ఆ తెల్లవారుజామున జిల్లా అంతటికీ ఒక సంగతి తెలిసొచ్చింది: ఇళ్ల పక్కన, కాళ్ల కింద ఎంత ఒత్తిడితో ఏం ప్రవహిస్తోందో పైకి కనిపించదు. తుప్పు చేసిన పనిని జేసీబీ బకెట్ ఒక్క దెబ్బతో చేయగలదు.

అందుకే తవ్వే ముందు కొన్ని జాగ్రత్తలు తప్పవు.

దగ్గర్లో పైపులైన్ మార్కర్ రాళ్లు, హెచ్చరిక బోర్డులు ఉన్నాయేమో చూడాలి. ఉంటే వాటి మీద ఉన్న ఫోన్ నంబరుకు చెప్పి, వాళ్ల మనిషి వచ్చాకే పని మొదలుపెట్టాలి.

కేంద్ర టెలికాం శాఖ 2023 మార్చి 22న 'కాల్ బిఫోర్ యు డిగ్' అనే మొబైల్ యాప్ తెచ్చింది. ఎక్కడ తవ్వబోతున్నారో అందులో నమోదు చేస్తే, ఆ చోట కింద లైన్లున్న సంస్థలకు సమాచారం పోతుంది. ఇష్టం వచ్చినట్టు తవ్వడం వల్ల దేశంలో ఏటా సుమారు 3,000 కోట్ల రూపాయల నష్టం జరుగుతోందని దాన్ని ప్రారంభించినప్పుడు ప్రభుత్వమే చెప్పింది. కాంట్రాక్టర్ ఈ యాప్‌లో నమోదు చేశాడా అని అడగడం ఇంటివాళ్ల హక్కు.

తవ్వుతుండగా ఇటుకల వరుస గానీ, రంగు హెచ్చరిక టేపు గానీ తగిలితే అక్కడే ఆగిపోవాలి. దాని కింద కేబుల్ లేదా గ్యాస్ పైపు ఉందని అర్థం. 11 కేవీ కరెంటు కేబుల్ సాధారణంగా 90 సెంటీమీటర్ల లోతులో వేస్తారు. ఏళ్ల తరబడి రోడ్డు అరిగిపోయి గానీ, డ్రెయిన్ కోసం మట్టి తీసేసి గానీ ఉంటే అది ఇంకా పైకే తగలవచ్చు. కాబట్టి లైన్ ఉందన్న అనుమానం ఉన్న చోట జేసీబీ వద్దు, చేత్తోనే మెల్లగా తవ్వాలి.

సొంత పొలం గురించి కూడా ఒక మాట. గ్యాస్ పైపులైన్ పోయే భూమికి 1962 నాటి పెట్రోలియం పైపులైన్ల చట్టం వర్తిస్తుంది. భూమి రైతు పేరునే ఉంటుంది, సేద్యం చేసుకోవచ్చు. కానీ పైపు పోయే పట్టీలో ఇల్లు కట్టడం, చెరువు లేదా బావి తవ్వడం, చెట్లు నాటడం కుదరదు. చేపల చెరువుకో రొయ్యల చెరువుకో పొలం లీజుకిచ్చేవాళ్లు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

దరఖాస్తు ఎలా పెట్టాలి?

ఇంటి కుళాయి లేదా డ్రైనేజీ కనెక్షన్ కోసమైతే సచివాలయంలో గానీ, మున్సిపల్ లేదా పంచాయతీ ఆఫీసులో గానీ దరఖాస్తు ఇవ్వాలి. మామూలుగా అడిగేవి ఇవి: ఇంటి పన్ను రశీదు, ఆధార్ కాపీ, ఇంటి యాజమాన్యం చూపే కాగితం, ఫోన్ నంబరు. అద్దెకుండేవాళ్లు యజమాని సంతకం తీసుకోవాలి. వీటితోపాటు ఒక చిన్న గీత పటం ఇస్తే పని తొందరగా అవుతుంది. ఇల్లెక్కడ, మెయిన్ పైపెక్కడ, రోడ్డు ఎంత పొడవు, ఎంత వెడల్పు కోయాలి అన్నవి అందులో చూపిస్తే చాలు.

తర్వాత ఇంజినీరింగ్ సిబ్బంది వచ్చి కొలతలు తీసుకుంటారు. కోయబోయేది సిమెంటు రోడ్డా, తారు రోడ్డా, గ్రావెల్ రోడ్డా అన్నదాన్ని బట్టి, విస్తీర్ణాన్ని బట్టి చార్జీ వేస్తారు. ఆ డబ్బు చలానా ద్వారా గానీ, ఆన్‌లైన్‌లో గానీ కట్టి రశీదు తీసుకోవాలి. చేతికి డబ్బిచ్చి "చూసుకోండి సార్" అంటే అది అనుమతి కాదు, రేపు అడిగినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు.

అనుమతి కాగితం చేతికి వచ్చాక నాలుగు విషయాలు చదువుకోవాలి. తవ్వకం కొలతలు ఎంత, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, రోడ్డును తిరిగి వేసేది ఎవరు, డిపాజిట్ ఏమైనా ఉంటే అది ఎప్పుడు వెనక్కి వస్తుంది. రోడ్డు తిరిగి వేసే పని రెండు రకాలుగా ఉంటుంది. చార్జీ కట్టించుకుని మున్సిపాలిటీ లేదా ఆ శాఖే వేయవచ్చు. లేదా తవ్వినవాళ్లే వేసేలా డిపాజిట్ తీసుకుని, బాగా వేశాక తిరిగి ఇవ్వవచ్చు. డబ్బు కట్టించుకుని కూడా రోడ్డు వేయకపోతే అడిగేందుకు ఆ రశీదే ఆధారం.

కంపెనీలు తవ్వేటప్పుడు

వీధిలోకి ఇంటర్నెట్ ఫైబర్ వాళ్లు, కరెంటు వాళ్లు, గ్యాస్ వాళ్లు వచ్చి తవ్వుతుంటే చాలామంది "వాళ్లకు పవర్ ఉంటుందిలే" అని ఊరుకుంటారు. వాళ్లకు చట్టం హక్కు ఇచ్చిన మాట నిజమే. ఆ హక్కుతోపాటు బాధ్యత కూడా పెట్టింది.

టెలికాం లైన్లకు 2016లో రైట్ ఆఫ్ వే నియమాలు వచ్చాయి. 2023 టెలికాం చట్టం కింద వచ్చిన కొత్త నియమాలు 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఈ నియమాల ప్రకారం కంపెనీ ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకుంటుంది, రోడ్డు యజమాని సంస్థ గడువులోగా జవాబివ్వాలి. అంటే కంపెనీ దగ్గర ఒక అనుమతి పత్రం ఉండి తీరాలి.

కరెంటు విషయంలో 2003 విద్యుత్ చట్టం 67వ సెక్షన్ వీధులు తవ్వే అధికారం ఇస్తూనే, వీలైనంత తక్కువ నష్టం, తక్కువ అసౌకర్యం కలిగించాలనీ, జరిగిన నష్టానికి పూర్తి పరిహారం ఇవ్వాలనీ చెబుతుంది. కోనసీమలో కరెంటు సరఫరా ఏపీఈపీడీసీఎల్‌ది. కేబుల్ తెగినా, గుంతలో కేబుల్ బయటపడి కనిపించినా 1912కు ఫోన్ చేయాలి.

పని జరుగుతున్న చోట కాగితం చూపించమని అడగడం గొడవ పెట్టుకోవడం కాదు. "అన్నా, పర్మిషన్ కాపీ ఒకసారి చూపిస్తావా, సూపర్‌వైజర్ నంబరు ఇస్తావా" అని మర్యాదగా అడిగితే చాలు. అక్కడ తవ్వే కూలీకి చాలాసార్లు ఏమీ తెలియదు, తప్పు అతనిది కాదు. అడగాల్సింది కాంట్రాక్టర్‌ను. వీధిలో నలుగురు కలిసి అడిగితే ఇంకా మంచిది.

పని జరిగేటప్పుడు జాగ్రత్తలు

కోనసీమ నేల గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు, ఇసుక. చాలాచోట్ల నాలుగైదు అడుగులు తవ్వేసరికే ఊట నీరు వస్తుంది. నీరూరిన గుంత గోడలు నిమిషాల్లో కూలిపోతాయి. ఐదడుగుల లోతు దాటితే పక్కలకు చెక్కలు, ఆధారాలు పెట్టకుండా మనిషిని దింపకూడదు. తీసిన మట్టిని గుంత అంచునే పోస్తే ఆ బరువుకే అంచు విరిగి పడుతుంది. దూరంగా పోయించాలి. రోజు కూలీకి వచ్చిన మనిషి ప్రాణం ఆ ఇంటివాళ్ల పూచీ మీద ఉందని మర్చిపోకూడదు.

గుంత చుట్టూ బారికేడ్, రాత్రి మెరిసే రిఫ్లెక్టర్ లేదా దీపం ఉండాలి. ఒక కర్రకు ఎర్ర గుడ్డ కట్టి వదిలేస్తే చీకట్లో కనిపించదు. వీధి మొత్తం ఒకేసారి తవ్వకుండా కొంచెం కొంచెంగా తవ్వి పూడుస్తూ పోవాలి. అంబులెన్స్, జనాజా వెళ్లడానికి ఎప్పుడూ ఒక పక్క దారి వదలాలి. బడికి, మదరసాకు పిల్లలు నడిచే వేళల్లో జేసీబీ ఆపాలి.

గ్యాస్ వాసన వస్తే అగ్గిపుల్ల గీయకూడదు, స్విచ్ వేయకూడదు, బండి స్టార్ట్ చేయకూడదు. జనాన్ని గాలి వచ్చే వైపుగా, అంటే గాలికి ఎదురుగా దూరం పంపించి 101కు గానీ 112కు గానీ ఫోన్ చేయాలి. ఇంటి వంటగ్యాస్ లీకేజీకి 1906 నంబరుంది. పెద్ద పైపులైన్లలో పోయే గ్యాస్‌కు వాసన ఉండకపోవచ్చు. మట్టిలోంచి బుసలు కొట్టే శబ్దం, గుంత నీటిలో బుడగలు, గడ్డి వాడిపోవడం కూడా లీకేజీ గుర్తులే.

పూడ్చడంలోనే అసలు సంగతి

రోడ్డు పాడయ్యేది తవ్వినందువల్ల కాదు, సరిగ్గా పూడ్చకపోవడం వల్ల. తీసిన తడి మట్టినే ఒక్కసారిగా లోపలికి నెట్టి, పైన సిమెంటు పూస్తే మొదటి వానకే కుంగుతుంది. పైపు చుట్టూ ఇసుక పోయాలి. తర్వాత మట్టిని పొరలు పొరలుగా వేసి, ఒక్కో పొరకూ దిమ్మిస వేయాలి. అప్పుడే పైన కాంక్రీటో తారో వేయాలి. పని ముందు, పని తర్వాత ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకుంటే డిపాజిట్ అడిగేటప్పుడు పనికొస్తాయి.

కాలం కూడా చూసుకోవాలి. వానలు మొదలై గోదావరికి వరదలొచ్చే జూలై, ఆగస్టుల్లో, తుపానుల కాలమైన అక్టోబరు, నవంబరుల్లో తవ్వకం పెట్టుకుంటే గుంత మడుగవుతుంది. కాలువ దాటించే పని ఉంటే వేసవిలో కాలువలు కట్టేసిన రోజులే మేలు. రంజాన్ నెలలో మసీదు వీధిలో పని ఉంటే తరావీహ్ వేళకు దారి తెరిచి ఉండేలా కమిటీవాళ్లు ముందే కాంట్రాక్టర్‌తో, మున్సిపల్ ఏఈతో మాట్లాడి తేదీలు కుదుర్చుకోవాలి.

అనుమతి లేకుండా తవ్వితే, గుంత వదిలేస్తే

మొదట సచివాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ఇచ్చినట్టు నకలు మీద సంతకం తీసుకోవాలి. ఫొటో, తేదీ, వీధి పేరు ఉండాలి. పని జరగకపోతే 1100 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. లేదా సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అమలాపురం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వవచ్చు.

ఎవరు అనుమతిచ్చారు, ఎంత డిపాజిట్ కట్టారు, రోడ్డు ఎప్పుడు వేయాలి అన్నవి తెలుసుకోవడానికి 2005 సమాచార హక్కు చట్టం ఉంది. దరఖాస్తుకు గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

దారికి అడ్డంగా, ప్రమాదకరంగా గుంత వదిలేస్తే భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5,000 రూపాయల వరకు జరిమానా ఉంది. పబ్లిక్ దారిలో ఇబ్బందిని తొలగించమని ఆదేశించే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీవోకు ఉంది. దానికి వీధివాళ్లు అర్జీ పెట్టుకుంటే చాలు. డబ్బుల్లేవన్న సాకుతో మున్సిపాలిటీ ఈ బాధ్యత తప్పించుకోలేదని 1980లోనే మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ కోర్టుకు వెళ్లింది మురుగు కాలువల కంపు భరించలేని మామూలు వీధి జనమే.

ఫిర్యాదు చేసేవాళ్ల ఇంటి ముందు కూడా అనుమతి లేని గుంత ఉంటే ఆ అర్జీకి బలం ఉండదు. కాబట్టి నిఖా ఇంట్లో కుళాయి పనికి ప్లంబర్ "ఎవరూ అడగరండి" అన్నప్పుడే "ముందు కాగితం తెచ్చుకుందాం" అని చెప్పాలి. వారం ఆలస్యం అయినా చుట్టాలు వచ్చేనాటికి ఇంట్లో కుళాయి ఉంటుంది, వాళ్లు నడిచి రావడానికి వీధిలో రోడ్డూ ఉంటుంది.